తాండూరు కిలో

దడ్వాయి అజమత్ నోటి నుంచి ఒక అంకె వచ్చిందంటే తాండూరులో దాన్ని మళ్లీ తూచినవాడు లేడు. దడ్వాయి అంటే గంజ్‌లో, ధాన్యం మార్కెట్లో, తూకం వేసే మనిషి. అజమత్ తండ్రి, తాత కూడా దడ్వాయిలే. జంగప్ప సేటు అడ్తి దుకాణం, అంటే పంట కొనే కమీషన్ దుకాణం ముందు మూడు వాసాలు నిలబెట్టి, వాటి మధ్య ఒక పెద్ద తక్కెడ వేలాడదీసేవారు. కందుల బస్తా పళ్లెంలోకి ఎక్కగానే అజమత్ గొంతెత్తి ‘లాభం’ అనేవాడు. మొదటి బస్తాను ఒకటి అనకూడదు, లాభం అనాలి. అది తూచేవాళ్ల ఆనవాయితీ. తరువాత రెండు, మూడు అంటూ పాట సాగేది. ఆ పాట మొదలుకాగానే రైతు బీడీ ముట్టించుకుని పక్కకు తిరిగేవాడు. అజమత్ తూస్తుండగా తక్కెడ వైపు చూడటం ఆయన్ను అవమానించినట్టే లెక్క.

అజమత్ మేకను చెవి పట్టుకుని బరువు చెప్పగలడు. ఒకసారి ప్లాట్‌ఫారం మీద చెప్పుల్లేకుండా నిలబడి, గూడ్సు బండి వస్తుంటే నేల అదిరిన తీరును బట్టి ఎన్ని పెట్టెలు నిండుగా ఉన్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో చెప్పాడు. స్టేషన్ మాస్టరు లెక్క చూసుకుంటే ఒకటి తేడా వచ్చింది. మర్నాడు వాడి జంక్షన్ నుంచి తంతి వచ్చింది, స్టేషన్ మాస్టరుదే తప్పని. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

తక్కెడ కింద ఒక రాయి ఉండేది. ఇప్పుడే చెప్పేస్తాను, దాచి పెట్టి మిమ్మల్ని ఊరించడం నాకు ఇష్టం లేదు. బాట్లు, అంటే తూకపు ఇనుములు పెట్టే పళ్లెం అడుగున ఒక నాపరాయి ముక్కను తాడుతో కట్టి ఉంచేవారు. సరిగ్గా రెండు కిలోలు. దాన్ని కడ్తా రాయి అనేవారు. సంచి బరువుకు కొంత, మన్నుకూ పొల్లుకూ కొంత కోత అన్నమాట. అంటే రైతు నూట రెండు కిలోల కందులు పెడితేనే పళ్లాలు సమానంగా నిలుస్తాయి, అజమత్ నోరు వంద అంటుంది. సేర్లూ మణుగులూ ఉన్న కాలంలో అజమత్ తండ్రి కట్టిన రాయి అది. కిలోలు వచ్చాక దాన్ని మళ్లీ చెక్కించి అదే తాడుకు కట్టారు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ తక్కెడ ఒక పక్కకు ఒరిగి ఉండేది. అందరూ చూసేవారు. మన ఇంట్లో గడప ఒక పక్క అరిగి ఉంటే రోజూ దాటుతాం తప్ప అడుగుతామా? అలాగే.

ఇక విమానాల సంగతి.

1969లో వికారాబాద్ మొత్తానికి విమానం ఎక్కినవాడు ఒకే ఒక్క కాంట్రాక్టరు. బేగంపేట నుంచి మద్రాసు వెళ్లి వచ్చి, ఆర్నెల్లపాటు చెవిలో దూది తీయలేదు. తీస్తే ఎక్కినట్టు జనానికి ఎలా తెలుస్తుంది? మూడు బుట్టల మామిడిపళ్లు వెంట తీసుకెళ్తే కౌంటర్లో ఉన్న దొర తూకమే వేయలేదట. బుట్టకొక పండు తీసి వాసన చూసి, నవ్వి, పంపించాడట. విమానంలో పట్టు తువ్వాలు, వెండి చెంచా. అప్పట్లో విమానం అల్లుడిని చూసినట్టు చూసేది ప్రయాణికుణ్ని.

ఏడేళ్లు గడిచాయి. అరబ్బు దేశాల్లో పనులు పుట్టాయి. తాండూరు స్టేషను రోడ్డులో ఒక ట్రావెల్ ఏజెంటు దుకాణం వెలిసింది. కాన్వెంటులో సిస్టర్లు వేళ్ల మీద స్కేలుతో కొట్టి నేర్పిన ఇంగ్లీషు నాకు అక్కడ బువ్వ పెట్టింది. దరఖాస్తులు నింపడం, ఉత్తరాలు చదివి పెట్టడం నా పని. ఆ రోజుల్లోనే బొంబాయిలో ఒక కొత్త కంపెనీ గంపగుత్తగా విమానాలు మాట్లాడుకుని పాత కంపెనీల ధరలో సగానికే కూలీలను ఎక్కించడం మొదలుపెట్టింది. దాని పేరు చెప్పను, నా నోటికి ఆ రుచి అక్కర్లేదు. పాత కంపెనీలు మొదట నవ్వాయి. పశువుల బండికి రెక్కలు కట్టారన్నాయి. మరుసటి ఏడు వాళ్ల సీట్లు ఖాళీగా ఎగిరాయి. ఆపై ఏడు వాళ్లూ అదే పని చేశారు. సీట్లను దగ్గర దగ్గరగా జరిపి నాలుగు వరుసలు ఎక్కువ వేశారు. భోజనం పోయి బన్ను వచ్చింది. ముప్పై కిలోల సామాను ఉచితం అన్న చోట ఇరవై అన్నారు. ఇరవై మీద ప్రతి కిలోకూ ముక్కు పిండి వసూలు చేశారు. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితంలోనూ మనిషి ధర తగ్గింది, మూట ధర పెరిగింది.

మా వాళ్లకు ఆ ఇరవై కిలోలే పెద్ద భయం. పెద్దేముల్ నుంచో బొంరాస్‌పేట నుంచో వచ్చిన మనిషికి విమానం కూలుతుందన్న ఫికర్ లేదు, మూట ఎక్కువ తూగుతుందేమోనన్నదే. 1978లో మొదటి జట్టును నేనే అజమత్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక పళ్లెంలో ఇరవై కిలోల బాటు పెట్టాడు, రెండో దానిలో మూట పెట్టించాడు. సమానంగా వచ్చేదాకా ఇంకో చొక్కా పెట్టు, ఇంకో సబ్బు పెట్టు అన్నాడు. సమానం కాగానే, “ఇరవై. పో, నీ మూటను బొంబాయిల ఎవడు ఆపడు” అన్నాడు. కప్పు చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ తరువాత అదే రివాజు అయింది. దేశం దాటే ప్రతి మూటా జంగప్ప దుకాణం ముందు, అజమత్ చేతి కింద తూగాకే రైలెక్కేది.

రాయి సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

1980 జనవరి. కందులు దిగుతున్న రోజులు. పెద్దేముల్ కొండమ్మ ఒక ఉత్తరం పట్టుకుని మా దుకాణానికి వచ్చింది. ఆమె భర్త బీరప్ప గొర్లు కాసేవాడు. అరబ్బు దేశంలోనూ గొర్లు కాయడానికే రెండు నెలల కింద వెళ్లాడు. అతనికి రాయడం రాదు, క్యాంపులో ఎవరో రాసి పెట్టారు. నేను చదివాను.

“బొంబాయిల మూట కాంట మీద వెడితె రెండు కిలోలు ఎక్కువొచ్చింది. పైసలన్న కట్టుమన్నరు, సామానన్న తియ్యుమన్నరు. గొంగడి తీసిన. గోడకాడ వెట్టిన. ఈడ పొద్దుగూకితె సలి మస్తున్నది. గొర్లకు ఉన్నె ఉన్నది, నాకు లేదు.”

కొండమ్మ ఆ ఉత్తరాన్ని నా చేతిలోంచి లాక్కుని నేరుగా గంజ్‌కు నడిచింది. నేను వెనక పరుగెత్తాను. నిండు గంజ్. రైతులు, హమాలీలు, బండ్లు. ఆమె వెళ్లి తక్కెడ ముందు నిలబడింది.

“ఏమయ్యా అజమతన్నా. నీ నోరు మంచిదంటిరి అందరు. నీ నోరు నమ్మి నా మొగడు బొంబాయిల దొంగ లెక్క నిలవడ్డడు.”

“నా కాంట తప్పు జెప్పదు చెల్లె.”

“అయితె బొంబాయోడు జెప్పిండా?”

“వాడే జెప్పిండు.”

“మరి పోయి అడుగు. ఈడ నిలవడి నాలుగు బస్తాలు తూచుడు, నాలుగు బీడీలు తాగుడు. గంతే వస్తది నీకు.”

గద్దె మీద కూర్చున్న జంగప్ప సేటు నవ్వాడు. “పోనియ్యి కొండమ్మా. విమానమోనికి గూడ కడుపున్నది గద.”

“నీకున్నంత లేదులే సేటూ,” అంది ఆమె.

హమాలీలు పళ్లు బయటపెట్టారు. అజమత్ నవ్వలేదు. ఆయన ముఖం నల్లబడింది. ముప్పై ఏళ్లలో ఆయన తూకాన్ని నలుగురి ముందు తప్పుపట్టిన మొదటి మనిషి కొండమ్మ. ఆమె వెళ్లాక నన్ను వాసాల వెనక్కి లాగాడు.

“మత్తయ్య సారూ, నిజం జెప్పు. ఇంకెవరన్న రాసిన్రా గిట్ల?”

రాశారు. తొమ్మిది ఉత్తరాలు. అన్నిటిలోనూ రెండు కిలోలే. కంపెనీవాళ్లు కాంటా తిప్పి దోచుకుంటున్నారనుకుని, ఈయన మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

“రెండు కిలోలే అందరికి?”

“అందరికీ.”

“అయితె పక్కా మోసం. ఒక తీరుగ వస్తున్నదంటె కాంట కిందికెల్లి ఏదో వెట్టిన్రు,” అన్నాడు అజమత్. ఆ మాట అంటూ ఆయన పక్కన ఉన్న తక్కెడ మీదే చేయి ఆన్చి నిలబడ్డాడు.

ఆ వారం బొంరాస్‌పేట నర్సింహులూ, మరో ఇద్దరూ బయలుదేరుతున్నారు. వాళ్లతో బొంబాయి వస్తానన్నాడు అజమత్, నన్నూ వెంట రమ్మన్నాడు. ముద్ర ఉన్న ఇరవై కిలోల బాటును గోనెలో చుట్టాడు. ఇంట్లో ఆయన భార్య ఇస్మత్ ఉర్దూలో ఒక మాట అంది. తెలుగులో చెప్పుకుంటే, ఇన్నేళ్ల కాపురంలో నన్ను హైదరాబాదు తీసుకుపోనివాడివి, ఇనుముకు బొంబాయి చూపిస్తున్నావా అని. ఆయన గోనె తాడు ఇంకోసారి బిగించాడు. కోపంగా ఉన్నప్పుడు ఆయన అన్నం కూడా తూచి తిన్నట్టే తినేవాడు.

రైల్లో టికెట్ కలెక్టరు గోనెను కాలితో తట్టి, “ఏముంది ఇందులో?” అన్నాడు.

“ఇరవై కిలోలు.”

“ఇరవై కిలోలు సరే, ఏముంది?”

“అదే ఉన్నది.”

టికెట్ కలెక్టరు గోనె విప్పి చూసి, మా ముఖాలు చూసి, వాడి జంక్షన్ దాకా ఆ పెట్టెలోకి మళ్లీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి బొంబాయి విమానాశ్రయంలో ఉన్నాం. నేను ఊహించుకున్న విమానాశ్రయం వేరు. అక్కడ చూసింది మా గంజే. మూటలు, ట్రంకు పెట్టెలు, తాళ్లు, చెమట. నేల మీద మూటలు విప్పి మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకాయన మూడు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటున్నాడు. ఒకాయన జేబుల నిండా ఉల్లిగడ్డలు నింపుకుంటున్నాడు. గోడ వెంట వదిలేసిన సామాను కుప్పగా ఉంది. దుప్పట్లు, సీసాలు, రోకలి, ఒక హార్మోనియం పెట్టె. ఊడ్చేవాడు వచ్చి వాటిని చెత్తబండిలోకి ఎత్తుతున్నాడు. బీరప్ప గొంగడి కూడా ఇలాగే పోయుంటుంది. అది తలచుకుంటే ఇప్పటికీ నా పిడికిలి బిగుసుకుంటుంది. సగం ధరకు టికెట్టు ఇచ్చామని చెప్పుకునేవాడు ఆ చెత్తబండిని కూడా పేపర్లో వేయించాలి.

మా వంతు వచ్చింది. కౌంటర్లో పాతికేళ్ల గోవా అమ్మాయి. ఆమె ఇంగ్లీషు వినగానే కాన్వెంటు చదువేనని గుర్తుపట్టాను. నర్సింహులు మూట పెట్టకముందే అజమత్ గోనె విప్పి, బాటును ఎత్తి కాంటా మీద పెట్టాడు. ఠంగుమంది. వరుసంతా ఇటు తిరిగింది.

“చాచా, ఇదేంటి?” అంది హిందీలో.

“ఎంతనో చెప్పు బేటీ.”

“ఇది సామాను కాదు. దించండి.”

“ఎంతనో చెప్పు, దించుత.”

ముల్లు ఊగి నిలబడింది. ఇరవై. వెంట్రుక వాసి తేడా లేదు. అజమత్ వంగి, ముక్కు అద్దానికి ఆనించి చూశాడు. బాటును ఎత్తుకుని పక్క కౌంటరుకు వెళ్లాడు. ఇరవై. దాని పక్క కౌంటరుకు వెళ్లాడు. అక్కడా ఇరవై. వరుసలోంచి మన తెలుగువాడే ఒకాయన అరిచాడు. “ఓ పెద్దమనిషీ, నీ ఇన్ము ఏ దేశం పోతదో గాని మమ్ముల పోనియ్యరాదు.”

అజమత్ తిరిగి వచ్చి నర్సింహులు మూటను తన చేతులతో ఎత్తి పెట్టాడు. తాండూరులో నలుగురి ముందు ఇరవై అని పాడి పంపిన మూట. ముల్లు ఇరవై రెండు మీద నిలబడింది.

గోవా అమ్మాయి ముల్లు చూసింది, బాటు చూసింది, అజమత్‌ను చూసింది. “మీ ఊళ్లో కిలో పెద్దదా చాచా?” అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీషులో అందుకున్నాను. ఒంటి మీద కప్పుకునే గొంగడిని కూడా తూచి తీయిస్తారా, ఇదేం వ్యాపారం, పది కిలోలు ఎక్కువున్న సూటు దొరను కూడా ఇలాగే గోడ దగ్గరికి పంపుతారా అని అడిగాను. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. “పంపేవాళ్లం కాదు అంకుల్, ఇప్పుడు పంపుతున్నాం. సాయంత్రానికి ఎన్ని ఎక్కువ కిలోలు పట్టుకున్నానో మేనేజరు అడుగుతాడు. నిరుడు ఈ వరుసలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఇవాళ నలుగురం. టికెట్టు అంత చౌకగా ఎలా వచ్చిందనుకున్నారు?”

నా ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది.

నర్సింహులు నేల మీద మూట విప్పాడు. “పెద్దయ్యా, ఏది తియ్యాలె?” అని అజమత్‌నే అడిగాడు. అజమత్ గొంతుక్కూర్చుని ఒక్కొక్కటి తీశాడు. చింతకాయ తొక్కు జాడీ. ఇత్తడి చెంబు. తల్లి ఎండబెట్టి కట్టిన జొన్న రొట్టెల మూట. మళ్లీ తూచారు, సరిపోయింది. నర్సింహులు వెళ్లిపోతూ చెంబు వైపు చూశాడు, తరువాత అజమత్ వైపు చూశాడు. 

అజమత్ గోడకు ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు. 

“ఇన్ము సరిగనే ఉన్నది. ఆమె కాంట సరిగనే ఉన్నది. మూట గదే మూట. తాండూర్ల సమానం వచ్చింది. మరి రెండు కిలోలు ఎక్కడికెల్లి వచ్చినయి సారూ?”

 ఆయన చేతులు గాలిలో ఏదో తక్కెడను సర్దుతున్నట్టు కదిలాయి. కుడి పళ్లెం, ఎడమ పళ్లెం, తాడు. కుడి చేయి కిందికి పోయి, ఏదో ముడి తగిలినట్టు ఆగింది.

“రాయి,” అన్నాడు.

మాకు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నేను రోజూ ఆ రాయి పక్కన నిలబడి చాయ్ తాగినవాణ్ని. చదువుకున్నవాణ్ని. నాకూ ఆయనకూ తేడా ఏమిటంటే, ఆయన దాన్ని ఆ రోజు అక్కడే ఒప్పుకున్నాడు, నేను ఇంకా సాకు వెతుకుతున్నాను.

“టిక్కెట్టు వెనక ఏదో రాసున్నది గద. సదువు,” అన్నాడు.

నా జేబులో ఉన్న టికెట్టు నకలు తీశాను. ఇరవై కిలోలు మాత్రమే ఉచితం అని అచ్చులో ఉంది. చదివి వినిపించాను.

“కంపెనీది దొంగబుద్ధే. కాని కాగితం మీద రాసిండు. ముల్లు నీ దిక్కు తిప్పి వెట్టిండు. జంగప్ప సేటు దుకాణంల కడ్త సంగతి యాడన్న రాసి ఉన్నదా?”

“లేదు.”

“నేనన్న ఎన్నడన్న చెప్పిన్నా, బస్తకు రెండు కిలోలు తీస్తున్నమని?”

“లేదు.”

“ఉత్తగ పాట పాడిన,” అన్నాడు.

తిరుగు రైలెక్కాం. వాడి జంక్షన్ దాటాక ఆయన వేళ్ల మీద ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆపి, పిడికిలి మూశాడు.

తాండూరులో దిగి ఇంటికి పోలేదు. నేరుగా గంజ్‌కు వెళ్లాడు. పదిగంటల వేళ. కోట్‌పల్లి రైతులు బండ్లు దించుతున్నారు. అజమత్ తక్కెడ దగ్గరికి వెళ్లి, గోనెలు కుట్టేవాడి కత్తి తీసుకుని తాడు కోశాడు. రాయి కింద పడింది. తండ్రి కాలం నుంచి ఒరిగి ఉన్న తక్కెడ ఊగి ఊగి సమానంగా నిలబడింది. అందరూ దాన్ని ఆ తీరున చూడటం అదే మొదలు.

“ఏందిది అజమత్?” జంగప్ప గద్దె దిగాడు. “మీ అయ్య కట్టిన రాయి అది.”

“మా అయ్య కట్టిండు. నేను కోసిన.” ఒక ఖాళీ సంచి తీసి పళ్లెంలో వేశాడు. కిలో కూడా రాలేదు. “సంచి గింతే. మిగిలింది ఎవరిది సేటూ?”

“మన్ను ఉండదా? పొల్లు ఉండదా?”

“బస్తకు కిలో మన్ను ఉంటె గది కంది గాదు, పొలమే.”

ఎవరూ నవ్వలేదు. జంగప్ప గొంతు మార్చాడు. “బొంబాయి గాలి కొట్టింది నీకు. పోయి పండుకో. రేపు మాట్లాడుకుందం.”

“రేపు మాట్లాడేదేమున్నది. గిప్పుడే నలుగురికి చెప్తున్న.” అజమత్ రైతుల వైపు తిరిగాడు. రాయిని ఎత్తి పట్టుకున్నాడు. రెండు కిలోలు, ప్రతి బస్తాకూ, తన నోటితోనే అని చెప్పాడు. ఎక్కడా తగ్గించి చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను.

రైతులు జంగప్ప మీద పడతారనుకున్నాను నేను. పడలేదు. కోట్‌పల్లి బిచ్చయ్య ముందుకు వచ్చాడు. పెద్ద మనిషి, అజమత్ తండ్రి కాలం నుంచి అక్కడికే కందులు తెచ్చేవాడు. ఆయన అజమత్ ముఖం మీదే అన్నాడు.

“సేటు సేటే. వాడు తింటడని మాకు ఎరుకే. నిన్ను నమ్మి మొకం అటు తిప్పుకొని నిలవడ్డం గదరా. లాభం, లాభం అనుకుంట పాడితివి. ఎవరి లాభమో గిప్పుడు జెప్తవా?”

అజమత్ రాయిని కింద పెట్టాడు. బిచ్చయ్య తన బస్తాలను మళ్లీ బండికి ఎత్తించి పక్క అడ్తికి తోలుకుపోయాడు. ఆ తక్కెడ కూడా ఒక పక్కకు ఒరిగే ఉంది. అదీ నాకు కోపం. రెండు రోజుల్లో జంగప్ప వేరే దడ్వాయిని పెట్టుకున్నాడు, వేరే రాయి కట్టించాడు. వారం తిరక్కుండా రైతులు మళ్లీ ఆ దుకాణం ముందుకే వచ్చారు. కందులు అమ్ముకోక ఏం చేస్తారు? కాకపోతే ఈసారి తక్కెడ వైపు చూస్తూ నిలబడ్డారు. దాని వల్ల రాయి బరువు తగ్గలేదు.

అజమత్ పెద్దేముల్ వెళ్లి కొండమ్మకు తనే చెబుతానన్నాడు. వద్దన్నాను, వినలేదు. ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. చేట ఆపలేదు.

“బొంబాయోడు గాదు?” అంది.

“కాదు.”

“నువ్వేనన్నట్టు.”

“నేనే.”

“గీ మాట గంజ్‌ల నలుగురి ముంగట జెప్పినవా?”

“జెప్పిన.”

“ఏమన్నరు?”

“తిట్టిన్రు.”

“మంచిగైంది.”

అజమత్ వెంట తెచ్చిన కొత్త గొంగడిని అరుగు మీద పెట్టాడు. ఆమె చేట కింద పెట్టి, దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఆయనది మా అయ్య గొర్ల ఉన్నె. ఇది బజారుది. తీస్కపో.” మేము సందు తిరిగేదాకా చేట చప్పుడు వినిపిస్తూనే ఉంది.

తరువాతి సంగతులు తొందరగా చెబుతాను. గంజ్‌లో ఏ అడ్తివాడూ అజమత్‌ను రానీయలేదు. ఆయన స్టేషను బయట, టాంగాలు ఆగే చోట, ఒక ఇనుప కొక్కానికి గుండ్రటి ముల్లు కాంటా వేలాడదీసుకుని కూర్చున్నాడు. గల్ఫు మూటలే తూచేవాడు. ఇరవై దగ్గర అద్దం మీద ఎర్ర రంగుతో గీత గీశాడు. చదువు రానివాడికి కూడా ముల్లు గీత దాటిందో లేదో తెలుస్తుంది. ఒక మార్పు మాత్రం ఊరంతా గమనించింది. అజమత్ ఆ రోజు నుంచి తన నోటితో ఒక్క అంకె పలకలేదు. ఎంత వచ్చిందని అడిగితే కాంటా వైపు చేయి చూపేవాడు. “నువ్వే సూడు.” ఇంట్లో ఇస్మత్ ఎన్ని రొట్టెలు వేయాలని అడిగినా వేళ్లు చూపేవాడట.

1983లో ఆ చౌక కంపెనీ ఒక పొద్దున తలుపులు మూసేసింది. బొంబాయిలో టికెట్టు చేత పట్టుకుని రెండు వందల మంది నిలబడి ఉండగానే. అందులో మా వాళ్లు పదకొండు మంది. తిరిగి వచ్చి నా బల్ల ముందు నిలబడి వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, వాటికి నేను తగినవాణ్నే. అది మాట్లాడుకున్న విమానాలను పాత కంపెనీలే తీసుకున్నాయి. చౌక టికెట్టు పోయింది. ఇరుకు సీట్లు, బన్ను, కిలో లెక్క మాత్రం అన్ని కంపెనీలకూ అంటుకుని ఉండిపోయాయి. ఒకసారి జనం ఇరుక్కుని కూర్చుంటారని తెలిశాక మళ్లీ జాగా ఎవడిస్తాడు? వాళ్లు ఉచిత బరువు తగ్గించినప్పుడల్లా నేను ఆ కాగితం తీసుకుని అజమత్ దగ్గరికి వెళ్లేవాణ్ని. ఆయన పాత గీత గీకి కొత్త గీత గీసేవాడు. గీస్తున్నంతసేపూ పళ్లు కొరికేవాడు.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో కొండమ్మ వచ్చింది. తమ్ముణ్ని అరబ్బు దేశం పంపుతోంది. నాలుగేళ్లలో ఆమె అజమత్‌తో మాట్లాడటం అదే మొదలు.

“తూచు,” అంది.

అజమత్ మూటను కొక్కానికి తగిలించి, కాంటాను ఆమె వైపు తిప్పి, పక్కకు జరిగాడు. ముల్లు గీతకు ఇవతలే ఆగింది.

“సరిపోయిందా?”

“నువ్వు సూడు చెల్లె.”

“నేను సూసిన. నువ్వు జెప్పు.”

“నేను జెప్ప.”

ఆమె దగ్గరికి జరిగి కాంటా అడుగున చేయి పెట్టి తడిమింది. వెనక తడిమింది. కొక్కాన్ని, తాడును తడిమింది. ఏమీ లేదు. మూటను దించి, ముల్లు సున్నాకు వచ్చిందో లేదో చూసింది, మళ్లీ తగిలించింది. అదే చోట ఆగింది. టాంగావాళ్లు చూస్తున్నారు. అజమత్ కదలకుండా నిలబడ్డాడు.

ఆమె మూట విప్పి అందులోంచి ఒక బియ్యప్పిండి సంచి బయటికి తీసింది.

తమ్ముడికి కోపం వచ్చింది. “ఎందుకక్కా? గీత దాటలేదు గద.”

“దాటకపోతె పోనియ్యి. నాకు నమ్మకం లేదు. ఒక కిలో తక్కువనే వెట్టుకొని పో.”

వాడు అజమత్ వైపు చూశాడు, ఆయనేమైనా అడ్డు చెబుతాడేమోనని.

“అక్క జెప్పినట్టు జెయ్యి,” అన్నాడు అజమత్. “ఎవని కాంటయినా సరే, గట్లనే జెయ్యాలె.”

కొండమ్మ మూటకు తాడు బిగించి తమ్ముడి నెత్తిన పెట్టింది. పిండి సంచిని చంకన పెట్టుకుని, పెద్దేముల్ బండి కోసం ఎండలోకి నడిచింది.